మొదటి కోత మాడిన ఏడాది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్ట భూముల్లో పుదీనా నుంచి నూనె తీసిన మొట్టమొదటి మనిషిని నేనే. నా సలహా లేనిదే మా పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు ఒక్క మడి కూడా వేసేవారు కాదు. ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలు సైతం కారు దిగగానే ముందు నా గురించే అడిగేవారు.

ఇందులో నిజమెంతో నేనే చెప్పేస్తాను, ఎలాగూ దొరికిపోతాను కాబట్టి. నేను ఫీల్డ్ అసిస్టెంటుని. మడులకు గుర్తు చెక్కలు పాతడం, కోసిన ఆకు తూయడం, నూనె సీసాల మీద కాగితాలు అంటించడం నా పని. ఢిల్లీ వాళ్లు నా గురించి అడిగిన మాట మాత్రం నిజం. బాత్‌రూం తాళంచెవి నా దగ్గర ఉండేది.

ఇలా పెంచి చెప్పి ఆనక దించుకోవడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ మావాళ్లు నా మాటలో సగం తీసేసి, మిగిలిన సగాన్ని అనుమానించేవారు. ఇలాంటి కేంద్రాల్లో కొత్తగా చేరుతున్న పిల్లలు ఇది చదువుతారని రాస్తున్నాను గనక ముందే చెబుతున్నాను. ఎక్కడ పెంచితే అక్కడే ఒప్పుకుంటాను. ఒప్పుకోని చోట నమ్మండి.

మా కేంద్రం ఎచ్చెర్ల దాటాక, జీడితోటల పక్కన, ఎర్రటి గరువు నేలలో ఉండేది. వాన పడితే పంట, లేకపోతే దుమ్ము. ఆ చుట్టుపక్కల నువ్వులు, ఉలవలు, గోగు తప్ప మరొకటి వేసే ధైర్యం ఎవరికీ లేదు. అలాంటి చోట మేము పుదీనా నాటుతుంటే ఒక ముసలి రైతు గట్టు మీద గొడుగు పాతుకుని మరీ చూశాడు.

"ఏటి మేడం, గవర్నమెంటోలు పచ్చడి సేసుకోడానికేనా ఇంత పొలం?"

మేడం అంటే ఈ పుదీనా ప్రయోగం నడిపిన మా శాస్త్రవేత్త. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని బురద మడిలో నిలబడి ఉంది. తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"పచ్చడికి కాదు మావా. పొద్దున్న పళ్లు తోముకుంటావు సూడు, ఆ పేస్టులో సల్లదనం దీని నూనెదే."

"నాను ఏపపుల్లతో తోముతాను."

"అయితే నీకు దీంతో పని నేదు. ఎల్లు, ఎండలో నిలబడకు."

పేస్టులకీ తలనొప్పి బాములకీ పోసే ఈ నూనె అంతా నీళ్లున్న ఉత్తరాది పొలాల నుంచి వస్తుంది. మన ఎండకీ, నీళ్లు చాలని మన నేలకీ తట్టుకుని నూనె ఇచ్చే పుదీనా ఏదైనా ఉందా? అదే మా ప్రయోగం. మూడు రకాలు పక్కపక్క మడుల్లో వేసి పోల్చి చూడాలి. ఒకటి జపాన్ పుదీనా. నూనె దండిగా ఇస్తుంది, కానీ వరికి పెట్టినట్టు నీళ్లు పెట్టాలి. రెండోది పెప్పర్‌మింట్. దానికి మన ఎండ పడదు, గాలి వేడెక్కగానే ఆకు రాల్చేసేది. మూడోది మేడం తెచ్చిన రకం.

దాన్ని ఆవిడ పాతపట్నం బస్టాండులో పట్టుకుంది. ఒక టీ కొట్టు వెనక, పగిలిన ప్లాస్టిక్ బకెట్‌లో, రోహిణి కార్తె ఎండకు కాకులు నోళ్లు తెరుచుకుని కూర్చున్న వేళ, అది పచ్చగా ఉందట. గ్లాసులు కడిగిన నీళ్లు తప్ప దానికి వేరే నీళ్లు లేవు. ఒక్క కొమ్మ ఇమ్మని అడిగితే కొట్టతను, "మొత్తం బకెట్టే ఒట్టుకుపోండమ్మా, ఇది కాలికి అడ్డం" అన్నాడట. ఆ బకెట్‌ను ఒళ్లో పెట్టుకుని బస్సులో వచ్చింది. మడుల పుస్తకంలో దానికి ఏదో నంబరు ఉండేది. మేమందరం మాత్రం "పాతపట్నం" అనేవాళ్లం.

పాతపట్నం జపాన్ కన్నా తక్కువ నీళ్లు తాగేది, తక్కువ నూనె ఇచ్చేది. తూకంలో అది ఎప్పటికీ నెగ్గదు. నెగ్గాలంటే వాసనతో నెగ్గాలి. తీపిగా, పచ్చిగా, వెనకాల ఎక్కడో జీలకర్ర జాడతో ఉండేది దాని నూనె. ఇందులో ఇవి ఉన్నాయని గీతలు గీసి చెప్పే యంత్రాలు ఉన్నాయి. కానీ కొనేవాడు గీతలు చూసి కొనడు, ముక్కు దగ్గర పెట్టుకుని కొంటాడు. అందుకని నూనె వాసనకు మార్కులు వేసే పద్ధతి ఒకటి ఉంది. మా దగ్గర ఆ మార్కులు వేసేది మేడం. పాతపట్నాన్ని రైతులకు ఇవ్వాలా వద్దా అన్నది చివరికి ఆవిడ ముక్కు మీద ఆధారపడి ఉంది.

ఆ ముక్కు అలాంటిది ఇలాంటిది కాదు. గాలి వాటంగా ఉంటే విశాఖపట్నంలో ఏ ఇంట్లో ఏం వండుతున్నారో చెప్పేసేది.

సరే, అంత లేదు. కానీ షెడ్డులో ఏ సీసా మూత సరిగ్గా పెట్టలేదో గుమ్మంలోంచే చెప్పేది. నౌపడ దగ్గర సముద్రం ఒడ్డున వేట మీద బతికే కుటుంబం వాళ్లది. తల్లి ఎండుచేపలు గంపలో పెట్టుకుని ఊళ్లు తిరిగి అమ్మేది. "మా అమ్మ గంప దించకముందే అందులో నెత్తళ్లున్నాయో కవళ్లున్నాయో సెప్పేసేదాన్ని బాబాయ్" అనేది నాతో. "బడిలో నా బెంచీ మీద నానొక్కర్తినే కూకునేదాన్ని, రాజుగారి లాగ. వాసనని మిగతా పిల్లలు రాకపోదురు." చెబుతూ నవ్వేది. నేనూ నవ్వేవాడిని. అందులో నవ్వడానికి ఏముందో ఇంటికెళ్లాక అర్థమయ్యేది కాదు.

మా దగ్గర ముక్కు పందెం అని ఒక ఆచారం ఉండేది. ఏడాదిలో మొదటి కోత నూనె దిగిన రోజున, సన్నగా కత్తిరించిన కాగితపు ముక్క నూనెలో ముంచి మేడం చేతికిచ్చేవాళ్లం. ఏ రకమో ఆవిడ చెప్పాలి. తప్పితే అందరికీ పకోడీలు ఆవిడ కొనాలి, ఒప్పయితే మేము కొనాలి. తర్వాత ఆవిడే ప్రతి ఒక్కరి మణికట్టు మీద ఒక చుక్క రాసేది, ఆకు కోసిన ఆడవాళ్లతో సహా. ఆవిడ ఎప్పుడూ ఓడలేదు. పకోడీలు ఎప్పుడూ మేమే కొన్నాం.

నూనె తీసే బాయిలరు దగ్గర ఉండే మనిషిని నేను బావ అనేవాడిని. చుట్టరికం ఏమీ లేదు. వాళ్లది బాప్టిస్టు కుటుంబం. కట్టెలు ఎగదోస్తూ చర్చిలో పాడే పాటలు పాడుకునేవాడు. బాయిలరు అంటే పెద్ద ఇనప ట్యాంకు. అడుగున నీళ్లు, నీళ్ల పైన జల్లెడ, జల్లెడ మీద ఎండలో కాస్త వాడ్చిన ఆకు. కింద మంట పెడితే ఆవిరి ఆకులోంచి నూనెను లాక్కుని గొట్టంలోకి పోతుంది. చల్లబడ్డాక నీళ్ల మీద నూనె తేలుతుంది. అంతే విద్య. ఒకటే జాగ్రత్త. అడుగున నీళ్లు అయిపోకూడదు.

ఆ షెడ్డుకు ఒక నియమం ఉండేది. బీడీ, చుట్ట, అత్తరు, చేప ఏదీ దగ్గరికి రాకూడదు. నూనె పక్కవాటి వాసన పట్టేస్తుంది. మేడం తల్లి ఒకసారి మాకోసం ఎండు నెత్తళ్లు మూట కట్టుకుని గేటు దాకా వచ్చింది. మేడం పరిగెత్తుకెళ్లి జీడిచెట్టు కిందే ఆపేసింది.

"అమ్మా, ఇక్కడే కూకో. లోపల నూనెలున్నాయి, వాసన పట్టేస్తాది."

"నీ ఆకు వాసన కన్నా నా సేప వాసన ఏటి తక్కువే? దీంతోనే సదివేవు."

"సుట్ట కూడా వద్దమ్మా. పొగ ఇటే వస్తాది."

"ఓలమ్మో! నోట్లో ఉన్నదీ తీసేమంటాది, గంపలో ఉన్నదీ తీసేమంటాది. మరి నన్నెందుకు రానిచ్చేవే?" అంటూ ఆవిడ ఆర్పిన చుట్ట ముక్కను కొంగు చివర ముడి వేసుకుంది. మేము టీ తీసుకెళ్లి జీడిచెట్టు కిందే ఇచ్చాం. తల్లీ కూతుళ్లు ఇద్దరూ నవ్వుతూనే ఉన్నారు. అప్పటికి అది నవ్వులాటే.

తర్వాత కరోనా వచ్చింది. ఒకే వారంలో తల్లికీ కూతురికీ జ్వరం. కూతురు లేచి తిరిగేసరికి తల్లి లేదు. ఆ రోజుల్లో ఎవరూ ఎవరినీ చివరిచూపు చూడలేదు కదా, ఆవిడా చూడలేదు.

మేడం మళ్లీ డ్యూటీలోకి వచ్చినప్పుడు మేము పలకరించే ధైర్యం చేయలేక మడుల సంగతులు మాట్లాడాం. ఆవిడా మడుల సంగతులే మాట్లాడింది. మనిషి చిక్కింది, మాట తగ్గింది. అంతకు మించి మాకేమీ కనిపించలేదు.

ఆ ఏడు మొదటి కోత పాతపట్నానిదే. బాయిలరులో నీళ్లెంతున్నాయో చూపించే గాజు గొట్టం లోపల గార పట్టి తెల్లబడిపోయింది. నిండుగా ఉందనుకున్నాడు బావ. సగం కూడా లేదు. అడుగున నీళ్లు ఇగిరిపోయి, జల్లెడ మీది ఆకు మాడిపోయింది. షెడ్డంతా పాలు పొంగి పొయ్యిలో పడ్డ కంపు. బావ తల మీద చేతులు పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు.

"మాడ్సేసేను బావా. మొదటి కోతే మాడ్సేసేను. మేడం ఏటంటాదో."

మేడం వచ్చింది. మేమందరం తిట్లకు సిద్ధపడి వరసగా నిలబడ్డాం. ఆ వాసనకు గుమ్మంలోనే ఆగిపోతుందనుకున్నాం. ఆగలేదు. నేరుగా వచ్చి చెయ్యి చాపింది. అలవాటు ప్రకారం కాగితం ముక్క ముంచి ఇచ్చాను. కళ్లు మూసుకుని, ముక్కు దగ్గర పెట్టుకుని, గట్టిగా పీల్చింది.

"పాతపట్నమే. ఈ ఏడు మరీ శుభ్రంగా వచ్చింది."

 ఆకు కోసే ఆడవాళ్లలో ఒకామె, "శుభ్రమేటమ్మా, ఇది..." అనబోయింది. బావ ఆమె కేసి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. బతిమాలుతున్న చూపు. ఆమె ఆగిపోయింది.

మేడం ఎప్పటిలాగే ఒక్కొక్కరి మణికట్టు మీద చుక్క రాసింది. మేము ఒక్కొక్కరమూ మా చేతుల మీద మాడిన కంపు పీల్చి, "బాగుందమ్మా" అన్నాం.

పకోడీలు తెప్పించాం. ఒకటి నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువేశాడేటి?" అంది మేడం. నిజంగానే తక్కువ. ఆ మాట పట్టుకుని నేను ఆశపడ్డాను, ఏమో, అంతా బాగానే ఉందేమోనని. నాలుక పనిచేస్తుందనీ, పోయింది ముక్కేననీ సాయంత్రానికి గానీ నాకు తట్టలేదు.

ఆ సాయంత్రం బావా నేనూ బాయిలరు తోముతూ వాదులాడుకున్నాం.

"సెప్పేద్దాం బావా," అన్నాను.

"ఎవులు సెప్తారు? నువ్వు సెప్పు."

"నాను సెప్తే నమ్ముతాదేటి? నా మాటలో సగం ఎప్పుడూ కోతలే కదా."

"తల్లి పోనాది. మొన్ననే కదా. ఇప్పుడు ఎల్లి, అమ్మా నీ ముక్కు కూడా పోనాది, అని సెప్పాలా? నా నోటంట రాదు. మాడ్సిందే నాను."

నా నోటంటా రాలేదు. పోనీ నూనెను బాగుచేద్దాం అనుకున్నాం. కొత్తగా తీసిన నూనెకు పచ్చివాసన ఉంటుంది, మూత తీసి గుడ్డ కట్టి గాలికి పెడితే కొన్నాళ్లకు పోతుంది. మాడు వాసన కూడా అలాగే పోతుందని మా ఆశ. ఈలోగా తర్వాతి మడుల నూనె కూడా అదే క్యానులో కలపమని మేడం చెప్పింది. ఎందుకు వద్దో చెప్పలేం గనక కలిపేశాం.

రోజూ పొద్దున్న రాగానే ఇద్దరం క్యాను మీదికి వంగి వాసన చూసేవాళ్లం. రోజూ కొంచెం తగ్గినట్టుండేది. మధ్యాహ్నం అన్నం తిన్నాక మళ్లీ చూసేవాళ్లం. ఇంకొంచెం తగ్గేది. ఒక రోజు వంగి చూస్తే మాడు వాసన లేనే లేదు.

"పోనాది బావా! పోనాది!" అన్నాను.

బావ కూడా పీల్చాడు. మళ్లీ పీల్చాడు. నిలబడ్డ చోటే కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు.

పోయింది నూనెలోని మాడు కాదు. రోజూ చూసి చూసి మా ముక్కులు దానికి అలవాటుపడిపోయాయి. ఇది ఇప్పుడు రాస్తున్నంత తేలిగ్గా అప్పుడు తెలియలేదు.

ఎండలు ముదిరాక కమిటీ వచ్చింది. మూడు రకాల్లో ఏది రైతులకు సిఫారసు చేయాలో తేల్చే కమిటీ. వాళ్లలో పెద్దాయన నూనెల వ్యాపారంలో ముక్కు అరగదీసుకుని ఈ పదవికి వచ్చిన మనిషి.

ఆ రోజు ఏం జరిగిందో మా వీధి చివర టీ కొట్టు దగ్గర నేను చాలామందికి చెప్పాను. బల్ల మీద పేర్లు లేని మూడు సీసాలు. నేను కమిటీ వెనక నిలబడి, జపాన్ అయితే గడ్డం, పెప్పర్‌మింట్ అయితే ముక్కు, పాతపట్నమైతే చెవి గోక్కుంటూ సైగలు చేశాను. మేడం టకటకా చెప్పేసింది. పెద్దాయన లేచి నిలబడి నమస్కారం పెట్టాడు. పాతపట్నం నెగ్గింది. టీ కొట్టు దగ్గర ఈ కథకు మంచి పేరుంది. అడిగి మరీ చెప్పించుకుంటారు.

సైగలు లేవు. నమస్కారాలు లేవు. బల్ల, మూడు సీసాలు మాత్రం నిజం.

మొదటి సీసాలో ముంచిన కాగితం అందుకుని మేడం, "జపాన్" అంది. రెండోది, "పెప్పర్‌మింట్." మూడోది, "మా పాతపట్నం." మూడూ సరిపోయాయి. బావ కేసి చూశాను, బావ నా కేసి చూశాడు. ఇద్దరం గాలి పీల్చుకున్నాం. ముక్కు తిరిగి వచ్చేసింది కాబోలు అనుకున్నాను.

తిరిగి రాలేదు. ఎలా చెప్పగలిగిందో చాలాకాలం తర్వాత ఆవిడే నాకు చెప్పింది. జపాన్ నూనె పీలిస్తే ముక్కు లోపల చల్లగా గుచ్చుకుంటుంది. పెప్పర్‌మింట్ కొంచెం తక్కువ గుచ్చుకుంటుంది. అది వాసన కాదు, చలి. ముక్కు పోయినా ఆ చలి తెలుస్తుంది. పాతపట్నంలో ఆ చలి లేదు. "అన్నీ పలికేయి బాబాయ్, నాదొక్కటే పలకలేదు. పలకనిదే నాదని పోల్చుకున్నాను" అంది.

పెద్దాయన తృప్తిగా తల ఊపాడు. మూడో కాగితం తన ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. కనుబొమలు ముడిచాడు. మళ్లీ చూశాడు.

"మేడం, దీని వాసన ఎలా ఉందంటారు?"

"తీపిగా, శుభ్రంగా ఉంటుంది సార్. మార్కులు కూడా అలాగే వేశాను."

"పొగ వాసన రావడం లేదా మీకు? ఇది మాడిన నూనె."

మేడం ఆయన కేసి చూడలేదు. మా కేసి తిరిగింది. కమిటీ ముందు ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడే మనిషి, ఆ క్షణాన మా ఇంటి మనిషిలా అడిగింది.

"బాబాయ్, మాడిందేటి?"

ఆయన దగ్గర కాగితం తీసుకుని నా చేతికిచ్చింది. పీల్చాను. నాకు ఏమీ తెలియలేదు. ఒట్టు, ఏమీ తెలియలేదు. బావ అందుకున్నాడు. పీల్చి, తల అడ్డంగా ఊపబోయి, ఆగి, ఏడ్చేశాడు.

"మొదటి కోత మాడ్సేసేనమ్మా."

"మొదటి కోతా? నాను చుక్క రాసేను కదా మీ అందరికీ?"

"అవునమ్మా."

"బాగుందన్నారు కదా?"

 మేడం చేతిలో ఉన్న మిగతా కాగితాలను బల్ల మీద వరసగా పేర్చింది. పేర్చడానికి అవసరం లేనంత సేపు పేర్చింది. తర్వాత కమిటీ వైపు తిరిగి, మళ్లీ పుస్తకాల భాషలో చెప్పింది. "జ్వరం వచ్చినప్పటి నుంచి నాకు వాసన తెలియడం లేదు. వస్తుందేమోనని ఎదురుచూశాను. ఈ ఏడాది వేసిన మార్కులు జ్ఞాపకం మీద వేసినవి. వాటిని తీసేయండి."

పెద్దాయన చెడ్డవాడు కాదు. చాలా మెల్లగానే అన్నాడు, "వాటితో పాటు మిగతా ఏళ్లవి కూడా పక్కన పెట్టాల్సి వస్తుందమ్మా. ఇది తెలిశాక అవి ఎవరూ ఒప్పుకోరు." మేడం సరేనంది.

వాసన లెక్కలోంచి తీసేస్తే మిగిలింది తూకం. తూకంలో జపాన్ నెగ్గింది. నీళ్లు లేని గరువు నేలకు, వరికి పెట్టినట్టు నీళ్లు పెట్టాల్సిన పుదీనాను సిఫారసు చేసిన ఘనత మాకు దక్కింది. గట్టు మీద గొడుగు ముసలాయన మాత్రం దాన్ని వేయలేదు. ఆయన ఇప్పటికీ ఉలవలే వేస్తున్నాడు.

వానలకు ముందు ప్రయోగం మూసేసి మడులు దున్నించారు. ట్రాక్టరు పాతపట్నం మడుల్లోకి దిగగానే, నాగళ్ల కింద నలిగిన ఆకుల వాసన ఒక్కసారిగా లేచింది. నా ఉద్యోగంలో అంత వాసన నేనెప్పుడూ చూడలేదు. రోడ్డు మీద సైకిలు మీద పోతున్నవాళ్లు ఆగి చూశారు. మేడం గట్టు మీద నిలబడి ఉంది. ఆ వాసన మధ్యలో నిలబడి, రోడ్డు మీద ఆగినవాళ్ల ముఖాలు చూసింది.

"వస్తన్నాదా బాబాయ్?"

"వస్తన్నాది మేడం."

"ఎలా ఉన్నాది?"

జీవితమంతా లేనివి ఉన్నట్టు చెప్పినవాడిని. అంత వాసన ఉన్న చోట ఒక్క మాట దొరకలేదు. ట్రాక్టరు చివరి సాలు వేసేదాకా ఆవిడ జవాబు కోసం చూసి, వెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆవిడ సెలవు మీద సెలవు పెట్టి, చివరికి ఉద్యోగమే మానేసింది. బావ రిటైరయ్యి తన ఊరు చేరాడు. నేనూ రిటైరయ్యాను. పాతపట్నం ఇప్పుడు ఏ కేంద్రంలోనూ లేదు. మా పెరట్లో ఒక బకెట్‌లో ఉంది. పది బకెట్లని రాయబోయాను. ఒకటే.

ఆ మధ్య నౌపడ వైపు పెళ్లికి వెళ్లినప్పుడు ఆవిడ ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాను. ఉప్పు మడుల మీదుగా గాలి తెల్లగా కొడుతోంది. వాకిట్లో వల బాగుచేస్తున్న ముసలాయన, "ముక్కు మేడం ఇల్లా? అదిగో" అన్నాడు. ఆ పేరు ఊళ్లోకి ఎలా చేరిందో తెలియదు. ముక్కు పోయిన సంగతి మాత్రం చేరినట్టు లేదు.

నన్ను చూసి సంతోషించింది. టీ ఇచ్చింది. గ్యాసు లీకైతే తెలియదని పొయ్యి వాకిట్లో పెట్టుకుందట. చేప కుళ్లిందో లేదో పక్కింటి పాపను పిలిచి అడుగుతుందట. ఇవన్నీ నవ్వుతూనే చెప్పింది. బెంచీ మీద ఒక్కర్తీ కూర్చున్న సంగతి చెప్పినప్పుడు నవ్విన నవ్వే అది.

ఉన్నట్టుండి లోపలికి వెళ్లి ఒక రేకు పెట్టె ఈడ్చుకొచ్చింది. అందులోంచి ఒక నేత చీర తీసింది. తల్లిది. ఆస్పత్రికి వెళ్లే ముందు రోజు గంప ఎత్తుకుని తిరిగి వచ్చి విప్పినది, ఉతకకుండా దాచింది.

"బాబాయ్, సిన్నప్పుడు ఈ వాసన పోవాలని గంటలకొద్దీ తోముకునేదాన్ని. ఇప్పుడు ఉన్నాదో పోనాదో కూడా నాకు తెలీదు. సూసి సెప్పండి."

చీర ముఖానికి దగ్గరగా తీసుకున్నాను. పుదీనా. పుదీనా తప్ప ఏమీ లేదు. పురుగు పట్టకుండా పెట్టె నిండా ఎండబెట్టిన ఆకు మూటలు పెట్టింది, మడులు దున్నకముందు దాచుకున్న పాతపట్నం ఆకు. చేపను ఆ రోజు గేటు దాటనివ్వని ఆకే ఇదీ.

"ఉన్నాదమ్మా," అన్నాను. "దండిగా ఉన్నాది."

ఆవిడ చీర నా చేతిలోంచి వెనక్కి తీసుకుంది.

"దండిగానా? పెంచకండి బాబాయ్. ఒకసారి మీరందరూ నన్ను బాగుందని నమ్మించేరు. ఎంత ఉంటే అంతే సెప్పండి. నేకపోతే నేదనండి."

చీర మళ్లీ తీసుకున్నాను. ఈసారి నెమ్మదిగా, అంచు వెంట, మడత వెంట, అంగుళం అంగుళం వెతికాను. వాసన కోసం వేటకుక్క పడ్డట్టు పడ్డాను. కొంగు చివర ముడి వేసి వేసి గట్టిపడ్డ చోట ఆగాను. పుదీనా కింద, అడుగున, ఎండిన నెత్తళ్ల వాసన ఉంది. దాంతో కలిసి పాత చుట్ట వాసన.

"ఇక్కడ," అన్నాను. "కొంగు సివర. కొంచెమే. సుట్ట వాసన కూడా కొంచెం."

ఇది పెంచలేదు.

ఆవిడ పెట్టెలో చెయ్యి పెట్టి పుదీనా మూటలు ఒక్కొక్కటీ తీసి నా ఒళ్లో పెట్టింది.

"ఇవి ఒట్టుకుపోండి బాబాయ్. ఇంక దీని దగ్గర వద్దు."

తర్వాత నేను వేలు పెట్టి చూపించిన చోటే కొంగును ముక్కుకు ఆనించుకుంది. కళ్లు మూసుకుంది. ముక్కు పందెంలో పీల్చినట్టే గట్టిగా పీల్చింది.

"ఏటైనా వస్తన్నాదా అమ్మా?" అని ఆశగా అడిగాను.

"నేదు," అంది, కొంగు తీయకుండానే. "మీరు ఉన్నాదన్నారు కదా. సాలు."